చెల్లెలి పలక మీద నా లెక్కలు

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు వేసవి అది. నాకు పన్నెండేళ్లు, చెల్లెలికి తొమ్మిది. బడి మూసేముందు చెల్లెలి మాస్టారు నాన్నని పిలిచి, "మీ చిన్నమ్మాయికి భాగహారం ఒక్కటే రావట్లేదండీ. సెలవుల్లో ఇంట్లో నేర్పించండి. బడి తెరిచాక నాలుగు లెక్కలిచ్చి చూసి, నేనే నాలుగో తరగతిలో కూర్చోబెడతాను," అన్నారట. నాన్న ఆ పని నాకు అప్పగించాడు.

ఆగిరిపల్లి దగ్గర మా మామిడితోట కోతకి వచ్చింది. కోతలు అయ్యేదాకా మా కాపురం తోటలోని పాకలోనే. నాన్న తెల్లవారుతూనే కోత మనుషులతో వెళ్లిపోయేవాడు. అమ్మకి అందరి వంటతో సరిపోయేది. మేమిద్దరం పాక వెనక నీడలో పలక పెట్టుకుని కూర్చునేవాళ్లం.

మొదటి వారం నిజంగానే నేర్పాను. రాలిన కాయల్ని వాటాలేసి చూపించాను. వాటాలు దానికి బాగానే అర్థమయ్యేవి. అవే పలక మీద అంకెలయ్యేసరికి బిక్కమొహం వేసేది. అడిగిందే మళ్లీ అడిగేది. విసుగొచ్చి నెత్తిన మొట్టేదాన్ని. ఇంతలో నూజివీడు నుంచి పెద్దమ్మ కూతుళ్లు వచ్చారు. చెట్ల కింద అష్టాచెమ్మా గళ్లు గీసి నన్ను కేకేసేవాళ్లు. ఒకరోజు లెక్కలన్నీ నేనే గబగబా కాగితం మీద చేసి చెల్లెలి ముందు పడేశాను.

"ఇవి చూసి పలక మీద రాసెయ్. నాన్నకి చెప్పావంటే చూడు."

"మరి నాకు రావాలి కదక్కా?"

"రేపు చెప్తాలే."

మర్నాడూ అంతే. ఆ పై వారాలూ అంతే. సాయంత్రం నాన్న చేతులకంటిన సొన కడుక్కుని వచ్చి పలక చూసేవాడు. అన్నీ ఒప్పులే. దాని తల నిమిరి, "అక్క చెబితే వచ్చేసిందే!" అని మురిసిపోయేవాడు. చెల్లెలు నా వంక చూసేది. నేను ఇంకెటో చూసేదాన్ని.

బడి తెరిచిన రోజు నాన్నతో నేనూ వెళ్లాను. చెల్లెలు మొదటి లెక్క ఎత్తి రాసుకుని, బలపం పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"రోజూ చేశావు కదమ్మా, చెయ్యి," అని నాన్న బతిమాలాడు.

"మరి ఇంటి దగ్గర ఎలా చేశావు?" అని మాస్టారు అడిగారు. అది నా మీద చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తిరిగి వస్తూ దారిలో నాన్న నాతో, "నువ్వేం చేస్తావులే. వేసవంతా కష్టపడ్డావు. దాని బుర్రకి ఎక్కదు," అన్నాడు. చెల్లెలు మా వెనకే నడుస్తోంది. నిజం చెప్పేద్దామనుకున్నాను. దెబ్బలకి భయపడ్డానని చెప్పుకోవడానికీ లేదు, నాన్న మమ్మల్ని ఏనాడూ కొట్టలేదు. ఆ మెచ్చుకోలు పోతుందనే ఊరుకున్నాను.

చెల్లెలు తనకంటే చిన్నపిల్లల మధ్య మూడో తరగతిలోనే మళ్లీ కూర్చుంది. దసరా సెలవులయ్యాక ఇక వెళ్లనంది. ఎవరూ బలవంతపెట్టలేదు. నేను మాత్రం చదువుకుని పంతులమ్మనయ్యాను.

నాన్న పోయిన మరుసటి ఏడు, జి. కొండూరులో చెల్లెలి అత్తవారింట్లో, ఉండబట్టలేక ఆ సంగతి ఎత్తాను. తప్పు నాదేనన్నాను. అది ఆవకాయకి కాయలు కొడుతోంది. చెయ్యి ఆపలేదు.

"నాకెందుకు చెప్తావు, నాకు తెలియందా? నాన్నకి చెప్పాల్సిందక్కా. పోయేదాకా నన్ను మొద్దనే అనుకున్నాడు."

ముక్కలు తుడవమని అది ఒక పాతగుడ్డ నా చేతికిచ్చింది.