తోమిన పతకాలు

టికియాపారాలో ఉండే ముద్దాడ సూరన్న రోజూ హౌరా వంతెన దాటి కలకత్తా వెళ్లి, ఒక రసాయన పరిశోధనాలయంలో ముప్పై ఒక్క ఏళ్లు గాజు సీసాలు కడిగాడు. గోళ్లు సగం యాసిడ్ తినేసింది. ఆ సీసాలతో డాక్టరేట్లు కొట్టినవాళ్లలో ఒక్కడూ అతని పూర్తి పేరు అడిగిన పాపాన పోలేదు. అందరికీ 'ఏయ్ సూరో'నే.

అతను రిటైరయ్యే ఏడాదే, ఆ సంస్థ పెట్టిన మహా రసాయన శాస్త్రవేత్త జయంతి వచ్చింది. ఆయన ముఖంతో కంచు పతకాలు పోయించారు. ముప్పై ఏళ్ల సర్వీసు దాటిన నౌకర్లకూ ఒక్కొక్కటి ఇస్తామన్నారు. సూరన్నకు పతకం మీద మోజు లేదు. వేదిక మీద తన పూర్తి పేరు పిలవాలి, అది భార్య అప్పమ్మ చెవిన పడాలి, అంతే.

ముందురోజు డైరెక్టరు పతకాల పెట్టె ఇచ్చి, తుడిచి సర్దమన్నాడు. సూరన్న తెరిచి చూస్తే అన్నీ నల్లగా ఉన్నాయి. పండగ ముందు ఇత్తడి బిందె నల్లగా కనిపిస్తే ఇంటి పరువు పోయిందనుకునే మనిషి. చింతపండు, బూడిద తెచ్చి, నలభై పతకాలూ తళతళలాడేలా తోమాడు. పాతకాలపు కళ రావాలని మందులో ముంచి కావాలనే నల్లబరిచారని అతనికెవరు చెప్పారు?

పొద్దున డైరెక్టరు పెట్టె చూసి పళ్లు కొరికి, మూత ధడాలున మూసేశాడు. జాబితాలో తన పేరు కొట్టేస్తాడనుకున్నాడు సూరన్న. కొట్టేసినా బాగుండేది. ఆ దుర్మార్గుడు పూర్తి పేరుతో పిలిచి, పతకం చేతిలో పెట్టి, మైకులో ఇంగ్లీషులో అన్నాడు:

"ఈ మనిషి ముప్పై ఒక్క ఏళ్లు రసాయన శాస్త్రంలోనే మునిగి ఉన్నాడు. ఒక్క చుక్కయినా అంటలేదు."

హాలంతా పగలబడి నవ్వింది. సూరన్నకు ఆపాటి ఇంగ్లీషు అర్థమవుతుంది. అప్పమ్మకు అక్షరం తెలియదు. మూడో వరసలో లేచి నిలబడి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

బస్సులో అడిగింది. "ఆ పెద్దసారు నీ గురించి ఏటన్నారు?"

"మంచోడన్నారు."

"అందరూ ఎందుకంత నవ్వినారు?"

"సంతోసానికి నవ్వినారే."

అప్పమ్మ ఆ మాట వీధిలో ప్రతి గడపకూ మోసుకెళ్లింది. వెళ్లిన ప్రతి ఇంట్లో సూరన్నను పిలిపించి, ఆ పెద్దసారు అన్న మాట అతని నోటితోనే మళ్లీ చెప్పించింది.