నీడ వెంట కుండీలు

నిన్న మా ఇంటాయన డ్యూటీ నుంచి రావడం ఆలస్యమైంది. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ బండి నడుపుతాడు, ఆలస్యాలు కొత్తేమీ కాదు. ఫోన్ ఎత్తకపోయేసరికి నేను మాత్రం కుదురుగా ఉండలేకపోయాను. కాసేపటికి చూసుకుంటే, పెరట్లో వంగి, నడుమెత్తు పెరిగిన ఫెర్న్ కుండీని ఈ గోడ నుంచి ఆ గోడకు ఈడుస్తున్నాను. ఇంతలో ఆయన బండి చప్పుడైంది. నాకే నవ్వొచ్చింది. ఇది అచ్చం మా అమ్మ పని.

మా నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగేవాడు. ఒక వానాకాలం, మూతపడిన పాత బాయి దగ్గర, లోపలి చెమ్మగాలి తగిలే చోట పెరిగిన ఫెర్న్ దుబ్బులు రెండు గోనెసంచిలో వేసుకొచ్చాడు. పేరు మాకెవరికీ తెలియదు, ఆకుచెట్టు అనేవాళ్లం. పువ్వు లేదు, కాయ లేదు, కూరకు పనికిరాదు. అయినా ఆయనకు ముద్దొచ్చింది. బాయి దగ్గర పుట్టింది గనుక చీకటే ఇష్టమనుకుని, క్వార్టరు వెనక బొగ్గులు పోసుకునే కొట్టులో పెట్టి తలుపేశాడు. కొన్నాళ్లకు ఆకులు వెలిసిన చీరలా పాలిపోయాయి.

"బాయికాడ పుట్టినదానికి వెలుగెందుకే?" అన్నాడు నాన్న.

"నీ మొఖం అద్దంల చూసుకున్నవా? బాయిల ఉండి ఉండి నువ్వెట్ల పాలిపోయినవో, అది గట్లనే అయింది," అంది అమ్మ, కుండీలు బయటికి లాగుతూ.

అప్పటినుంచి అవి అమ్మవి. అడుగున ఇటుక ముక్కలు, పైన కుళ్లిన ఆకుల ఎరువు వేసి, కూలర్ నీళ్లు కారే కిటికీ కింద పెట్టింది. మా ఎండల్లో నీడ ఒకచోట నిలవదు. అది జరిగినప్పుడల్లా కుండీ కూడా జరగాలి. అమ్మకు ఆ వంక చాలు. మా క్వార్టర్ల వరుసలో ఉండే కాక ఒకాయన బాయిలో బండ మీదపడి చనిపోయినప్పటి నుంచి, నాన్న డ్యూటీలో ఉంటే ఆమె కూర్చునేది కాదు. మాకు అన్నం పెట్టేది, లేచేది. షిఫ్టు దిగే సైరన్ మోగి, నాన్న సైకిల్ గేటు దగ్గర ఆగేదాకా కుండీలు బరబరా ఈడుస్తూనే ఉండేది. ఆ చప్పుడంటే నాకు భయం. అది వినబడుతోందంటే నాన్న ఇంకా రాలేదన్నమాట. అంత దిగులు మధ్య కూడా ఆకులు మాత్రం నా భుజాల దాకా పెరిగాయి. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి అమ్మ చెయ్యి మంచిదని మెచ్చుకుని, తలో పిలక అడిగి పట్టుకుపోయేవాళ్లు.

నాన్న ఒంటిమీద గీత పడకుండా రిటైరయ్యాడు. మేం కట్టుకున్న ఇంటి వెనక రోజంతా నీడే, కుండీలు కదపాల్సిన పనే లేదు. ఒక సాయంత్రం ఆయన అక్కడే కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. షిఫ్టు సైరన్ మోగే వేళకు అమ్మ లేచి కుండీ పట్టుకుంది.

"నేను ఈడనే ఉన్న గదనే. ఇంకెందుకు జరుపుతున్నవు?"

అమ్మ ఆగి ఆయన వంక చూసింది. "ఉన్నవు. నాకు ఎర్కనే. కాళ్లే నా మాట ఇంటలేవు."

మనిషి ఇల్లు చేరినంత సులువుగా, ఎదురుచూసిన కాలం ఒంట్లోంచి పోదు.