బ్యాకప్ అని రాసిన డబ్బా

మా అత్తగారికి రెండు పిచ్చులు. ఒకటి క్రికెట్. రెండోది ఢిల్లీలో పెరిగే తెలుగు పిల్లల చేత పద్యాలు చెప్పించడం. ఆదివారం పదయ్యేసరికి ఆర్.కె. పురంలోని మా క్వార్టరు గుమ్మం ముందు బుల్లి చెప్పులు గుట్టపడతాయి. పిల్లలు ఒక్కొక్కరే లేచి పద్యం చెబుతారు, ఆవిడ ఫోన్లో రికార్డు చేస్తారు. గవర్నమెంటు క్వార్టర్లలో ఎవరూ కలకాలం ఉండరు కదా. ఏ కుటుంబానికి బదిలీ అయినా, ఆ ఇంటి పిల్ల మొదటిరోజు తప్పులతో చెప్పిన పద్యం నుంచి ఆఖరి పద్యం దాకా ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టించి, మాగాయ సీసాతో పాటు చేతికివ్వడం ఆవిడ ఆనవాయితీ.

ఆ పెన్‌డ్రైవ్‌లు నింపే ఉద్యోగం నాది. అసలు ఉద్యోగం కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. కాగితం తప్పు చోట పెట్టినవాళ్లని సంజాయిషీ అడగందే నాకు అన్నం సహించదు. అత్తయ్యగారి ఫోన్ నిండగానే రికార్డింగులన్నీ నా లాప్‌టాప్‌లోకి ఎక్కించి ఫోన్ ఖాళీ చేసేదాన్ని. పోయిన నెలలో లాప్‌టాప్ కూడా నిండిపోయి మొరాయించింది. అప్పుడు కొన్నాను, అరచేతిలో ఇమిడే నల్లటి హార్డ్‌డిస్క్.

మా ఆఫీసులో ఫైలంటే ఒక్కటే. అది నా దగ్గర ఉంటే పై అధికారి దగ్గర ఉండదు, ఆయన దగ్గరికి వెళ్తే నా దగ్గర ఉండదు. ఇరవై ఏళ్లుగా ఫైళ్లను అలాగే పంపుతున్నాను. ఆ అలవాటు కొద్దీ రికార్డింగులన్నీ లాప్‌టాప్‌లోంచి తీసి డిస్క్‌లో పెట్టాను. కాపీ చేయలేదు, కట్ చేశాను. అత్తయ్యగారికి ఎక్కువ ఇష్టమైన పిల్ల ఫోల్డరు అన్నిటికంటే ముందు ఎక్కించాను. లాప్‌టాప్ తేలికపడింది, నా ప్రాణమూ తేలికపడింది. అంతా అయ్యాక డిస్క్ మీద తెల్లకాగితం అతికించి, ముత్యాల్లాంటి అక్షరాలతో 'బ్యాకప్' అని రాశాను.

"బ్యాకప్ అంటే ఏవిటే అమ్మాయ్?" అని అడిగారు అత్తయ్యగారు.

"నకలండీ. అసలు పోతే ఇది అక్కరకొస్తుంది," అన్నాను, పెద్ద తెలిసినదానిలా.

ఆ ఇష్టమైన పిల్ల మా పై అంతస్తులో ఉండేది. అప్పటికి పదేళ్లు, నాలుగో ఏట నుంచీ వస్తుండేది. తెలుగులో ఏమడిగినా జవాబు హిందీలోనే. పద్యాలు మాత్రం తనవే కాదు, అందరివీ వచ్చు. పక్కవాడు రెండో పాదంలో ఆగితే చాలు, మూడో పాదం అందించేస్తుంది. "నోరు ముయ్యవే! అది నీ పద్యం కాదు!" అని అత్తయ్యగారు ప్రతి ఆదివారం అరవాల్సిందే. "మై తో బస్ బతా రహీ థీ," ఊరికే చెప్పానంతే, అని అది మూతి ముడవాల్సిందే. వాళ్ల నాన్నకు విశాఖపట్నం బదిలీ అయిందని తెలిసిన రోజు అత్తయ్యగారు మధ్యాహ్నం భోజనం సరిగ్గా చేయలేదు. "నాలుగేళ్లప్పుడు నాలుక తిరక్కుండా చెప్పిందే, అది అన్నిటికంటే ముందు పెట్టు," అని నాకు పదిసార్లు చెప్పారు.

వాళ్లు బయల్దేరడానికి సరిగ్గా వారం ముందు, ఆదివారం నాడు, పద్యాల వేళకే క్రికెట్ మ్యాచ్ వచ్చిపడింది. తరగతి మానడం ఆవిడ వల్ల కాదు, మ్యాచ్ వదులుకోవడమూ కాదు. ఎదురింటి అంకుల్ ఉపాయం చెప్పారు. సెట్‌టాప్ బాక్స్‌కి హార్డ్‌డిస్క్ తగిలిస్తే మ్యాచ్ అందులో రికార్డవుతుందట. ఆ సమయానికి నేను సరోజినీ నగర్‌లో స్వెట్టర్లు బేరమాడుతున్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ జంతికలు నములుతూ రికార్డయిన మ్యాచ్ చూస్తున్నారు.

"నీ నకలు డబ్బా ఇన్నాళ్లకి పనికొచ్చిందే! తగిలించగానే టీవీ ఏదో అడిగింది, సరే అని నొక్కాను."

"ఏమడిగింది అత్తయ్యగారూ?"

"ఉన్నదంతా చెరిపెయ్యనా అంది. నకలే కదా, చెరుపుకో అన్నాను."

స్వెట్టర్ల సంచి ఒళ్లో పెట్టుకుని పక్కనే కూలబడ్డాను. అసలంటూ ఏదీ లేదని ఆవిడకి చెప్పలేదు. ఆఫీసులో అందరికీ జాగ్రత్తలు చెప్పే నా పని శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆఖరి ఓవర్ దాకా ఆగి డబ్బా తీసుకోవాలనుకున్నాను. మనవాళ్లు గెలిచారు. ఆవిడ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

మర్నాడు భోజన విరామంలో కంప్యూటర్ల బజారు నెహ్రూ ప్లేస్‌కి పరుగెత్తాను. మేడ మీద ఇరుకు గదిలో పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే ఒకాయన ఉన్నాడు. "మేడమ్, దీనికి బ్యాకప్ ఉందా?" అన్నాడు హిందీలో.

"ఇదే బ్యాకప్ భయ్యా."

"మరి అసలు?"

"అదీ ఇదే."

ఆయన నవ్వలేదు. ఆ ఒక్కదానికే ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది. టీవీ చెరిపేసినా చాలావరకు లోపలే ఉంటాయని చెప్పి, తర్వాత కొత్తగా ఏమైనా రికార్డు చేశారా అని అడిగాడు.

"ఒక మ్యాచ్."

"పూరా మ్యాచ్?"

"పూరా."

"తో జహా మ్యాచ్ బైఠా హై, వహా కా గయా," అన్నాడు. మ్యాచ్ వెళ్లి కూర్చున్న చోట ఉన్నవి ఇక రావు. మిగిలినవి వస్తాయి కానీ, పేర్లు పోయి అంకెలతో వస్తాయి.

శుక్రవారం సాయంత్రం దొరికినవన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. వందల ఫైళ్లు, అన్నిటికీ నంబర్లే. ఏది ఎవరిదో నాకెలా తెలుస్తుంది? ఇన్నేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఆ గదిలో కూర్చోలేదు నేను. ఆ గొంతులు గుర్తుపట్టగలిగే మనిషి ఒక్కరే. శనివారం పొద్దున్నే కాఫీ ఇచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

అత్తయ్యగారు కాఫీ గ్లాసు పక్కన పెట్టేశారు.

"మరి డబ్బా మీద అలా రాశావేవిటే?" అన్నారు.

ఊరందరినీ సంజాయిషీ అడిగేదాన్ని, ఏడ్చేశాను.

"ఏడుపు తర్వాత. ముందు వినిపించు," అని ఆవిడ కుర్చీ లాప్‌టాప్ దగ్గరికి జరుపుకున్నారు.

ఒక్కో ఫైలు పెట్టడం, మొదటి మాట వినగానే ఆవిడ "మూడో బ్లాకు ఆడిటర్ గారి బుడ్డోడు", "కళ్లజోడు పిల్ల", "జలుబు వీరుడు" అని చెప్పెయ్యడం, నేను పేరు రాసి తర్వాతి దానికి పోవడం. ఆవిడకు రెండో మాట అక్కర్లేకపోయింది. నాకు మతిపోయింది. మధ్యాహ్నానికి అన్నిటికీ పేర్లు వచ్చాయి. పై అంతస్తు పిల్లది మాత్రం, ఫోన్లో మిగిలిన ఈ నెలవి తప్ప, ఒక్కటీ లేదు. అందరికంటే ముందు ఎక్కించాను కదా, మ్యాచ్ కూడా డిస్క్ మొదట్లోనే చేరి సరిగ్గా దాని నెత్తినే కూర్చుంది.

"చేజేతులా నేనే చెరిపాను," అన్నారు ఆవిడ.

"తప్పు నాదండీ."

"నాదేలే, ఊరుకో."

పెళ్లయిన ఇన్నేళ్లలో తప్పు నాదంటే నాదని మేమిద్దరం వాదించుకోవడం అదే మొదలు. ఏం చేయాలో తోచక, ఆఖరున పెట్టిన ఫైలు ఆపడం కూడా మరిచిపోయాను. ఆడిటర్ గారి బుడ్డోడు రెండు పాదాలు గడగడా చెప్పి ఆగిపోయాడు. వెనకనుంచి సన్నగా, నాలుక తిరక్కుండా, మూడో పాదం వినబడింది. ఆ వెంటనే అత్తయ్యగారి కేక: "నోరు ముయ్యవే! అది నీ పద్యం కాదు!"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"వెనక్కి తిప్పు," అన్నారు అత్తయ్యగారు.

మళ్లీ మొదటి నుంచీ పెట్టాం, ఈసారి చివరిదాకా వింటూ. కళ్లజోడు పిల్ల ఆగినచోట అదే గొంతు. జలుబు వీరుడు తుమ్మినచోట అదే గొంతు. నాలుగేళ్ల గొంతు, ఆరేళ్ల గొంతు, మొన్న మొన్నటి గొంతు. దాని వెనకే అత్తయ్యగారి కేకలు, అక్కడక్కడా వంటింట్లోంచి నా కుక్కర్ కూతలు. అది అందించిన రికార్డింగులన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. ఈసారి కట్ చేయలేదు, కాపీ చేశాను. లాప్‌టాప్‌లో ఒకటి, డిస్క్‌లో ఇంకొకటి ఉన్నాయో లేవో మూడుసార్లు చూసుకున్నాను.

ఆదివారం తరగతి అయ్యాక, పిల్లలందరి ముందూ వినిపించాం. ఆ పిల్ల మొదట తెల్లబోయింది. తర్వాత ఒకటే నవ్వు. "అరే, సబ్ మే మై హీ హూ!" అంది, అందరి పద్యాల్లోనూ నేనే ఉన్నానని.

అత్తయ్యగారు దాన్ని దగ్గరికి లాక్కుని, పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి గుప్పిట మూశారు. కళ్లనిండా నీళ్లు.

"ఎంత మంచిపని చేశావే తల్లీ," అన్నారు, "నేనంతలా అరిచినా నోరు ముయ్యకుండా!"