భుజంలో పరంజా

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల తలెత్తి చూస్తే కనిపించే ఫ్లెక్సీల్లో సగం మహిపాల్ కట్టినవే. కంప్యూటర్ కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్ల పేర్లు మారేవి, కోర్సులు మారేవి, కట్టే చెయ్యి మాత్రం ఇరవై రెండేళ్లుగా అదే. నాలుగో అంతస్తు పిట్టగోడ మీద నిలబడి ఒంటిచేత్తో తాడు లాగి, ఒక్క ముడత లేకుండా బిగించేసేవాడు. ఎంత గాలివాన వచ్చినా మహిపాల్ కట్టింది ఊడిపడదని అందరూ అనేవారు. ఆ మాట చెవిన పడితే అతని ముఖం వెలిగిపోయేది. తాగుడు లేదు, పేకాట లేదు. మనిషికి ఉన్న పిచ్చల్లా ఆ పొగడ్తే.

నిరుడు జూన్‌లో వాన వెలిసిన పూట తడి నిచ్చెన మీద కాలు జారింది. పక్కనే ఉన్న ఇనుప చట్రాన్ని కుడిచేత్తో పట్టుకుని వేలాడాడు. ప్రాణం దక్కింది గాని భుజంలో ఏదో పుటుక్కుమంది. మర్నాటి నుంచి ఆ చెయ్యి తల దువ్వుకునేంత ఎత్తు కూడా లేవలేదు.

పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి వెళ్తే డాక్టర్ అరుణాదేవి చూశారు. కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిదొకటి ఉంటుందనీ, టెండన్ అంటారనీ, అది తెగి అంచులు పీచుపీచుగా అయిపోయాయనీ చెప్పారు. ఉత్తగా కుడితే మళ్లీ అక్కడే వదిలేస్తుందట. ఆవిడ కొత్త పద్ధతి ఒకటి ఇరవై మంది మీద పరీక్షించి చూస్తున్నారు. మహిపాల్ ఒప్పుకుంటే ఏడోవాడు అతనే.

"మేడ కట్టేటప్పుడు చుట్టూ పరంజా వేస్తారు కదండీ మహిపాల్ గారూ, ఇదీ అలాంటిదే" అన్నారావిడ. "కుట్టు మీద జల్లెడ గుడ్డలా సన్నటి అతుకు పెడతాం. మీ ఒంట్లోని కణాలే దాని మీదికి పాకి కొత్త పీచు అల్లుకుంటాయి. అల్లిక గట్టిపడే కొద్దీ అతుకు దానంతటదే కరిగిపోతుంది. అప్పటిదాకా మాత్రం మేం చేయించే కసరత్తు తప్ప వేరే కదలిక ఉండకూడదు. ఆరు వారాలు చెయ్యి జోలెలోంచి తియ్యొద్దు. మూడు నెలలు బరువు ముట్టుకోవద్దు."

"పరంజా సంగతి నాకు చెప్పాల్నా మేడమ్? సిమెంటు గట్టిపడకముందే విప్పితే ఏమైతదో నాకు తెల్వదా?" అని నవ్వి, కాగితాల మీద సంతకం పెట్టాడు.

ఆగస్టులో ఆపరేషన్ అయింది. రోజూ పొద్దున భార్య మెడకు జోలె తగిలించి చెయ్యి అందులో పెట్టేది. అతను నెమ్మదిగా నడుచుకుంటూ పని జరిగే చోటికి వెళ్లి కింద నిలబడేవాడు. పైన పని హైదర్‌ది. పదిహేనేళ్లుగా ఇద్దరూ జోడీ. మహిపాల్ పడిన రోజు నుంచి హైదర్ తన పనీ, అతని పనీ కూడా చేస్తూ వచ్చాడు.

ఐదో వారంలో ఒక పొద్దున, కొత్తగా ఏఐ కోర్సు పెట్టిన ఇన్‌స్టిట్యూట్ వాళ్ల ఫ్లెక్సీ నాలుగో అంతస్తు మీద వంకరగా కూర్చుంది. కింద టీ బండి దగ్గర నిలబడ్డ జనం నవ్వారు. ఇన్‌స్టిట్యూట్ యజమాని ఫణీంద్ర కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "ఏంటయ్యా ఇది, అక్షరాలన్నీ ఓ పక్కకి జారిపోతున్నాయి! మహిపాల్ కడితే ఇలా ఉండేదా?" అన్నాడు.

హైదర్‌ను చూసి నవ్వుతున్నందుకు మహిపాల్‌కు కోపం రాలేదు. సంతోషం వేసింది. తరవాతి రోజుల్లో తల్చుకున్నప్పుడల్లా అతన్ని ఎక్కువగా కుంగదీసింది ఆ సంతోషమే. గబగబా మెట్లెక్కి పైకి పోయాడు.

"భాయ్, నువ్వెందుకొచ్చినవ్? దిగు, నేను సెట్ చేస్త" అన్నాడు హైదర్.

"జర జరుగు" అని మహిపాల్ జోలె విప్పి పక్కన పడేశాడు. తాడు కుడిచేతికి రెండు చుట్లు చుట్టుకుని లాగాడు. ఫ్లెక్సీ లేచి నిటారుగా నిలబడింది. కింద ఎవరో చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే భుజం లోపల తడిగుడ్డ చినిగినట్టయింది. పళ్లు బిగబట్టి, ఎడమచేత్తో ముడి వేసి, జోలె మళ్లీ మెడలో తగిలించుకుని దిగి వచ్చాడు. అతను జోలె విప్పడం దగ్గర్నుంచి చూసింది హైదర్ ఒక్కడే.

వారం తిరిగాక స్కానింగ్ తీశారు. అరుణాదేవి ఆ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూశారు.

"కుట్టు విడిపోయిందండీ. అతుకు కూడా చిరిగింది. మధ్యలో ఏమన్నా జరిగిందా? పడ్డారా? ఏదైనా లాగారా? కోప్పడనులెండి, నిజం చెప్పండి."

"ఏం కాలే మేడమ్. జోలె విప్పనే లేదు. కావాల్నంటే ఇతన్ని అడుగుండ్రి" అన్నాడు మహిపాల్.

పక్క కుర్చీలో ఉన్న హైదర్ తల వంచుకున్నాడు. అవుననలేదు, కాదనలేదు. బయటికొచ్చాక మెట్ల మీద ఆపి అడిగాడు.

"ఎందుకట్ల చెప్పినవ్ భాయ్?"

"గిప్పుడు చెప్తే ఏమొస్తది? పోయింది నా చెయ్యే గదా. వాళ్లకేం నష్టం?"

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే నమ్మాడు. ఇంటికొచ్చి భార్యకూ జోలె విప్పలేదనే చెప్పాడు. ఆ పెద్ద డాక్టరమ్మ వేసిన అతుకు ఉత్తదని ఆమె వాడకట్టంతా చెప్పింది. వాళ్లొచ్చి అయ్యో అంటుంటే మహిపాల్ కూర్చుని విన్నాడు.

నవంబరులో చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, వెయిటింగ్ హాల్లో పక్క సీట్లో యాభై దాటిన ఆవిడ కూర్చుని ఉంది. అతని జోలె ముడి వదులైందని తనే గమనించి, ఎడమచేత్తో సర్ది బిగించింది. పేరు దుర్గాంబ. ఎస్.ఆర్. నగర్‌లో కర్రీ పాయింట్ నడుపుతుంది. చుట్టూ హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఆవిడ కూరలే దిక్కు. పప్పు గిన్నెలు ఎత్తీ దించీ కుడి భుజం తెగిందట.

"నాకు అక్టోబరులోనే ఆపరేషనన్నారు నాన్నా. ఆ పరంజా అతుకు నాక్కూడా వేస్తామన్నారు. తీరా తారీఖు దగ్గరికొచ్చాక ఆపేశారు. నా ముందు ఎవరికో వేస్తే ఊరికే తెగిపోయిందంట. ఎందుకు తెగిందో తేలేదాకా ఇంకెవరికీ వెయ్యరంట" అంది దుర్గాంబ. "పాపం, ఆ మనిషి ఎవరో! నాది సరే, ఇవాళ కాకపోతే రేపు చేస్తారు. అతనికి చెయ్యి ఏమైందో ఏంటో. పొద్దున దీపం పెట్టేటప్పుడు అతని కోసం కూడా దణ్ణం పెట్టుకుంటున్నా."

మహిపాల్ చెవులు వేడెక్కాయి. లోపలి నుంచి నర్సు అతని పేరు పిలిచింది. లేచి నిలబడి, డాక్టర్ గది వైపు కాకుండా బయటికి నడిచాడు. ఆటో కూడా ఎక్కలేదు. మెట్రో పట్టాల కింద నడుచుకుంటూ అమీర్‌పేట దాకా వచ్చి, నిచ్చెన దింపుతున్న హైదర్ ముందు నిలబడి జరిగింది చెప్పాడు.

హైదర్ నిచ్చెన గోడకు ఆనించాడు. "రెండు నెలల సంది నేను సుత సరిగ నిద్రపోలే భాయ్. నీ అబద్ధంల నన్ను సుత కూసోబెట్టినవ్. రేపు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

మర్నాడు మహిపాల్ ఒక్కడే వెళ్లాడు. పిట్టగోడ, తాడు, చప్పట్లు, ఏదీ దాచకుండా చెప్పాడు. అరుణాదేవి అరవలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"నా ఆపరేషన్ వీడియో పదకొండుసార్లు వేసి చూసుకున్నానండీ. ఏ కుట్టు దగ్గర తప్పు చేశానా అని. నా చేతుల మీదే నాకు నమ్మకం పోయింది" అన్నారు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "ఆ రోజు మీరు ఒక్కమాట చెప్పి ఉంటే, మీ భుజం కూడా వెంటనే తెరిచి మళ్లీ కుట్టేదాన్ని. కారణం తెలియకే మీదీ ఆపాను. ఇప్పుడు ఆ కండ వెనక్కి ముడుచుకుపోయింది, ఇక కుట్టడానికి అందదు" అన్నారు.

తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. జరిగినదంతా రాసి సంతకం పెట్టమన్నారు. కుడిచెయ్యి బల్ల మీద ఆనించి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అరపేజీ రాశాడు. "చప్పట్లు" అన్న చోట కలం ఆగింది. కొట్టేద్దామనుకుని, ఉంచేశాడు.

అక్కణ్ణుంచి సరాసరి ఎస్.ఆర్. నగర్ వెళ్లాడు. దుర్గాంబ ఎడమచేత్తో గరిటె పట్టుకుని కవర్లలో సాంబారు పోస్తోంది. జనం తగ్గేదాకా ఆగి చెప్పాడు.

"ఆ మనిషిని నేనేనమ్మా. ఊరికే తెగలే. నేనే తెంపుకున్న. అబద్ధం చెప్పిన."

ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసింది. "తప్పు ఎవరైనా చేస్తారయ్యా. కానీ నిన్న నా పక్కన కూర్చుని, నేను నీకోసం దణ్ణం పెడుతున్నానంటే విని లేచి వెళ్లిపోయావే, అది నాకు కష్టంగా ఉంది" అంది. తరవాత వచ్చినవాళ్లకి ఏం కావాలో అడగడం మొదలుపెట్టింది.

ఆపిన ఆపరేషన్లు డిసెంబరులో మళ్లీ మొదలయ్యాయి. మొదటిది దుర్గాంబకే. మహిపాల్ చూడ్డానికి వెళ్లలేదు, మొహం చెల్లక. వేసవి దాటాక ఒకసారి ఆ వీధిలో పోతూ, ఆవిడ రెండు చేతులా అన్నం డేగిసా ఎత్తి పొయ్యి మీద పెట్టడం చూశాడు. ఆవిడ ఇటు తిరిగేలోపు సందు మలుపు తిరిగాడు.

అతని చెయ్యి మాత్రం భుజం ఎత్తుకు మించి లేవదు. ఇప్పుడు పైన హైదర్ కడతాడు, కింద మహిపాల్ నిచ్చెన పట్టుకుంటాడు. ఎవరైనా చెయ్యి చూసి, "ఏమైందన్నా, పడ్డవా?" అని అడుగుతుంటారు. అవునంటే సరిపోతుంది. అయినా అతను, "పడ్డది నిజమే గాని డాక్టరమ్మ బాగనే చేసింది. తర్వాత నేనే ఖరాబు చేసుకున్న" అంటాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాటకు అలవాటు పడలేదు. చెప్పి, తల దించుకుని నిచ్చెన కాళ్లు సర్దుకుంటాడు.