పరదేశపు మంత్రి పట్టిన తాంబూలం

మంత్రుల్ని నెత్తిన మోసేవాళ్ళను చాలామందిని చూశాను. నేను మాత్రం భుజం మీద మోశాను, నిజంగానే, డోలీ బొంగు కింద తువ్వాలు మడతపెట్టుకుని. ఆయన మన మంత్రి కూడా కాదు. ఐరోపాలో ఎక్కడో ఉన్న ఒక చిన్న దేశానికి విదేశాంగ మంత్రి. అరవైల చివరి రోజులు. నాకు నలభై నిండాయి, రాత్రిబడిలో అప్పుడప్పుడే పలక పక్కనపెట్టి కాగితం మీద రాయడం మొదలుపెట్టాను.

మా ఊరు రామతీర్థానికి కూతవేటు దూరం. కొండల్లోంచి వచ్చే వాగు, మా మాటలో గెడ్డ, ముందు పైఊరికి వెళ్తుంది, వాళ్ళు వదిలితే మాకొస్తుంది. వాళ్ళు వదలరు. వానలు సరిగ్గా కురిసిన ఏడాది గెడ్డ ఎవరి మాటా వినదు కాబట్టి మాకూ నీళ్ళు అందేవి. వాన మొహం చాటేసిన ఏడాది పైఊరివాళ్ళు గెడ్డకి అడ్డంగా మట్టికట్ట వేసి, నీళ్ళన్నీ తమ మడుల్లోకి తిప్పుకునేవారు.

అప్పుడు మా ఊరి తరఫున మా మేనమామ బయలుదేరేవాడు. ముప్ఫై ఏళ్ళు ఆయన పని అదే. ఉతికిన పంచె కట్టుకుని, చంకలో గొడుగు పెట్టుకుని పైఊరికి వెళ్ళేవాడు. వాళ్ళు మజ్జిగ ఇచ్చేవారు. ఎద్దుల గురించి, ఎవరి పిల్లకి ఎక్కడ సంబంధం కుదిరిందన్న దాని గురించి మాట్లాడేవారు. చివర్లో, ఈయన చెప్పులు తొడుక్కుంటుండగా నీళ్ళ సంగతి చూద్దాం అనేవారు. మావ తిరిగొచ్చి, ఈసారి వాళ్ళ మాట మెత్తబడిందని ఊరందరికీ చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళుగా మెత్తబడుతున్న మాట ఈపాటికి అంబలైపోయి ఉండాలి. మా మడులు మాత్రం ఎండుతూనే ఉండేవి.

ఇలాంటి తగువులకి మా వైపు ఒక పద్ధతి ఉంది. నష్టపోయిన ఊరివాడు మూడో మనిషి దగ్గరికి వెళ్ళి ఆకులు, వక్కలు, దేని గురించి తగువో ఆ వస్తువు కొంచెం కలిపి చేతిలో పెడతాడు. పశువు తగువైతే పలుపుతాడు ముక్క, గట్టు తగువైతే మట్టిబెడ్డ. ఆ మనిషి రెండు చేతులా పట్టాడంటే తగువుమనిషి అయిపోయినట్టే. ఆయన తీర్పు చెప్పేదాకా నీళ్ళకి కట్ట ఉండకూడదు, గట్టు మీద గునపం పడకూడదు. ఈ కట్టుబాటు మీరిన ఊరికి ఆ తర్వాత ఏ తగువుకీ ఎవడూ మధ్యస్థం రాడు.

పద్ధతి బాగానే ఉంది. పట్టే మగాడే లేడు. పైఊరు పెద్దది, చుట్టుపక్కల అందరూ వాళ్ళ సంతకే వెళ్ళాలి. మావ ఎవరి గుమ్మం ముందు ఆకులు తీసినా, ఆ ఇంటాయనకి హఠాత్తుగా రాజాంలో పని గుర్తుకొచ్చేది.

ఆ ఏడు దసరా వెళ్ళాక చుక్క వాన పడలేదు. నాకున్నది ఎకరంన్నర. వరి పొట్టమీద ఉంది. పదిరోజుల్లో రెండు తడులు అందితే గింజ, లేకపోతే గడ్డి. గడ్డి ఎడ్లు తింటాయి. మేం ఐదుగురం ఏడాదంతా ఏం తినాలన్నది ఎడ్లకి పట్టదు, పైఊరికీ పట్టదు. మావకి ఆ ఏడే మోకాళ్ళు పట్టేశాయి. ఆయన పని నా నెత్తిన పడింది. రెండుసార్లు పైఊరు వెళ్ళి రెండు చెంబుల మజ్జిగ తాగొచ్చాను.

అంతలో మంత్రి వస్తున్నాడన్నారు. విశాఖపట్నం రేవులో మాంగనీసు రాయి కొనుగోలు గురించి మాట్లాడడానికి వచ్చాడట. వచ్చినవాడు రాయి చూసుకుని పోక, రామతీర్థం కొండ మీద బౌద్ధులు కట్టిన ఇటుకలు చూస్తానన్నాడట. ఇక తాసీల్దారుకి నిద్ర లేదు. మూడేళ్ళుగా గోతులు పడిన బండిబాటకి మూడు రోజుల్లో గ్రావెల్ పడింది. కొండ కింద రాళ్ళకి సున్నం కొట్టారు. రాయికి సున్నమెందుకు బాబూ అని అడిగితే, కూలివాడివి కూలివాడిలా ఉండమన్నారు.

మంత్రికి మోకాలు బాగులేదు, డోలీ కావాలన్నారు. మునసబు న్యాయం తప్పని మనిషి. మా ఊరి నుంచి ఇద్దరినీ, పైఊరి నుంచి ఇద్దరినీ పిలిచాడు. పైఊరివాళ్ళలో ఒకడు నా బావ, మా అక్క మొగుడు. ఆ ఊళ్ళోకెల్లా మంచివాడు. అది పెద్ద మెప్పు కాదు.

ముందు రోజు మావ మంచం మీదనుంచే చెప్పాడు. “ఒరే, మంత్రంటే కలెక్టరుకి పైనోడు. ఆడి సేతిలో తాంబూలం ఎట్టీ. పట్టినాడా, పైఊరోడు పార ఎత్తడు.”

నాకూ నిజమే అనిపించింది. మంత్రి అంటే మంత్రే. దేశానికొక మంత్రి ఉంటాడనీ, ఒక దేశపు మంత్రి మాట ఇంకో దేశపు గెడ్డకి చెల్లదనీ నాకెవరు చెప్పారు? తాంబూలంతో పాటు ఒక అర్జీ కూడా రాశాను. నా చేత్తో రాసిన మొదటి కాగితం అది. రెండు పూటలు పట్టింది. పొద్దున్నే కొండ కింద కానిస్టేబులు మా ఒళ్ళు తడిమాడు. ఏజెన్సీలో గొడవలు జరుగుతున్న రోజులు కావడంతో కాగితమంటే పోలీసులకి కత్తికన్నా భయం. మొలలోంచి నా అర్జీ లాక్కుని, చదవకుండానే నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆకుల పొట్లం విప్పి చూసి, వక్క ఒకటి నోట్లో వేసుకుని తిరిగిచ్చేశాడు.

మంత్రి పొడుగ్గా, ఎర్రగా, దూడలా అమాయకంగా ఉన్నాడు. డోలీలో కూర్చోడానికి సిగ్గుపడ్డాడు. ఆయన సిగ్గుపడినంత మాత్రాన మాకు బరువు తగ్గలేదు. సగం కొండ ఎక్కాక ఏదో అని దించమన్నాడు. ఒక బండ మీద కూర్చుని మమ్మల్నీ కూర్చోమన్నాడు. తాసీల్దారు కింద నుంచి ఆయాసపడుతూ ఇంకా రానేలేదు. విజయనగరం కాలేజీ లెక్చరరు ఒకాయన ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి వెంట ఉన్నాడు. ఇస్త్రీ నలిగిపోతుందని ఆయన కూర్చోలేదు.

మంత్రి మా పని గురించి అడిగాడు. వ్యవసాయమని చెప్పాం. నేను ఊరుకోకుండా ఆయన పని ఏమిటో అడగమన్నాను. లెక్చరరు నాకేసి చూసిన చూపుకి వేరేవాడైతే కొండ దిగి పారిపోయేవాడు. కానీ మంత్రే ఏమిటేమిటని అడగడంతో చెప్పక తప్పలేదు.

ఆయన చాలాసేపు మాట్లాడాడు. లెక్చరరు ముక్కలు ముక్కలుగా తెలుగు చేశాడు. వాళ్ళది చిన్న దేశం, చుట్టూ పెద్దవి. పెద్దవాళ్ళు పోట్లాడుకుంటే ఇద్దరికీ కోపం రాని మాట ఒకటి వెతికి చెప్పాలి. వాళ్ళ దేశంలో తయారైన ఇనుము కొనమని ఊరూరా తిరగాలి. ఎక్కడ రాజు పోయినా నల్లకోటు వేసుకుని వెళ్ళి నిలబడాలి. వాళ్ళవాడెవడైనా పరాయి దేశంలో తాగి జైల్లో పడితే బయటికి తేవాలి. అన్నింటికన్నా పెద్ద తలనొప్పి ఒక నదట. పక్కనున్న పెద్ద దేశంలోంచి వస్తుంది. ఆ దేశం ఫ్యాక్టరీల మురికంతా అందులోకి వదిలేస్తుంది. ఈయన ఏళ్ళ తరబడి వెళ్ళి అడుగుతున్నాడు. వాళ్ళు మంచి భోజనం పెడతారు. చివర్లో ఇద్దరూ ఒక కాగితం మీద సంతకం చేస్తారు, స్నేహపూర్వకంగా మాట్లాడుకున్నామని.

“మరాల్లు ఇన్నారా, ఈయన మాట?” అన్నాను.

లెక్చరరు అడిగాడు. మంత్రి నవ్వి ఏదో అన్నాడు.

“వింటారట. చాలా శ్రద్ధగా వింటారట,” అన్నాడు లెక్చరరు.

ఇంతోటి పనికి ఓడలో రాయి, విమానంలో మనిషి, దారి పొడుగునా సున్నం. మా మావ గొడుగుతో నడిచెళ్ళి చేసే పని ఇదే, ఫలితమూ ఇదే. ఈయన మజ్జిగకి బదులు ఇంకేదో తాగుతాడు. ఒక దేశం ఒక మనిషికి కోటు కుట్టించి, కారిచ్చి, లేదనిపించుకుని రమ్మని పంపుతుందని ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత అక్షరాలు కుదిరి పేపరు చదవడం వచ్చాక విదేశాంగ మంత్రుల వార్తలు వదలకుండా చదివేవాణ్ణి. చర్చలు సంతృప్తికరంగా జరిగాయని ఉంటే, ఎవడి మడో ఎండిందనే లెక్క.

బావ నా పక్కనే కూర్చుని ఉన్నాడు. “ఏటిరా, మీ మావకి అన్నలాగున్నాడు,” అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వుకి ఒళ్ళు మండింది. ఈ మంత్రితో అయ్యేది లేదని తెలిసిపోయింది. కానీ తాంబూలం అలాగే ఇంటికి తీసుకెళ్తే మంచం మీదున్న ఆ ముసలాయనకి ఏమని చెప్పాలి? లేచి మొలలోంచి పొట్లం తీశాను. ఆకులు, మిగిలిన వక్క, నా మడిలోంచి కోసుకొచ్చిన వరి పొట్ట కర్ర ఒకటి, వెన్ను ఇంకా బయటపడనిది. ఎండకి దాని ఆకులు అప్పటికే చుట్టుకుపోయాయి.

“నీల్ల తగువు బాబూ. పైఊరికీ మాకూ. తమరే సెప్పాల,” అని చాచాను.

లెక్చరరు ఆ మాటలు మంత్రికి చెప్పలేదు. ఇది గ్రామస్థుల గౌరవమనో ఏదో చెప్పి ఉంటాడు. మంత్రి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ చాచి పుచ్చుకున్నాడు. తల కూడా వంచాడు. పొట్ట కర్రని కోటు బొత్తం సందులో పువ్వులా గుచ్చుకుని, వక్క కొరికి దగ్గాడు.

బావ మొహంలో నవ్వు పోయింది. మళ్ళీ బొంగు ఎత్తుకునేటప్పుడు నా చెవి దగ్గర, “ఎంత పని సేసినావురా,” అన్నాడు. మంత్రి ఇటుకలు చూశాడు, ఫోటోలు తీయించుకున్నాడు, దిగాడు, కారెక్కి పోయాడు. పొట్ట కర్ర కోటుకే ఉండిపోయింది. రెండు ఊళ్ళ జనం దారికి అటూ ఇటూ నిలబడి దాన్ని చూశారు.

మర్నాడు పైఊళ్ళో పెద్ద పంచాయితీ జరిగింది. నేను వెళ్ళలేదు, బావ తర్వాత చెప్పాడు. ఆయన పరదేశపువాడు, తగువేమిటో ఆయనకి తెలియదు, అది చెల్లదని సగం మంది అన్నారట. పట్టినవాడికి తెలుసా అని ఏనాడు ఎవరు అడిగారు, రెండు చేతులా పట్టాడా లేదా అని మిగతా సగం. బావని నిలబెట్టి అడిగితే, పట్టాడని చెప్పాడు. అబద్ధమాడొచ్చు, ఆడలేదు. ఆ ఒక్కదానికి వాణ్ణి జన్మంతా గౌరవించాను, వాడికి తెలియనివ్వకుండా.

పైఊరి పెద్దమనిషిది మాత్రం ధర్మబుద్ధేమీ కాదు. వాళ్ళకీ అవతలి ఊరికీ తోపు సరిహద్దు గురించి ఇంకో తగువు నలుగుతోంది. దానికి ఉగాదిలోపు మధ్యస్థులు రావాలి. ఇక్కడ కట్టుబాటు మీరితే అక్కడికి ఎవడూ రాడు. ఇంత లెక్క వేసుకుని, చీకటి పడకముందే పారలు ఇచ్చి, కట్ట తెంపమని నలుగురిని గెడ్డకి పంపాడు. వాళ్ళలో బావ ఒకడు.

ఆ తెల్లారి నీళ్ళు మా మడుల్లోకి వచ్చాయి. బురదగా, ఎండుటాకులు మోసుకుంటూ వచ్చాయి. రెండు కాదు, నాలుగు తడులు పెట్టాను. కాళ్ళు నాని పాచిపోయేదాకా గట్టు దిగలేదు. గింజ పట్టింది. ఏడాది తిండి ఇంటికొచ్చింది.

మంత్రికి ఇదేమీ తెలియదు. తన దేశంలో నది మురికి కడగలేకపోయిన మనిషి, వక్క కొరికి మా గెడ్డ పారించిపోయాడు. ఆయన ఏమీ తెలియకుండా చేసిన పని ఒక్కటే పనికొచ్చింది.

కోతలయ్యాక పైఊరికి చిక్కొచ్చి పడింది. పెసరకి తడి పెట్టుకోవాలి, కట్ట వెయ్యాలి. తగువుమనిషి తీర్పు చెప్పలేదు, చెప్పడానికి మళ్ళీ వచ్చేవాడు కాడు. అతన్ని వదిలించుకోవాలంటే తాంబూలం ఇచ్చినవాళ్ళు ఒప్పుకోవాలి. అంటే మేము. పైఊరి పెద్ద, మరి నలుగురు కలిసి మా మావ ఇంటికొచ్చారు. నాకు తెలిసి ఆ ఊరివాళ్ళు నీళ్ళ సంగతి మీద మా ఊరి పొలిమేర దాటడం అదే మొదలు.

అంతకుముందు వారం రోజులు మావని కూర్చోబెట్టి నూరిపోశాను. సగానికి సగం అడుగు, రోజు విడిచి రోజు. పట్టు వదలకు. వాళ్ళ పెసర ఎండుతుంది, మనకి తొందరేమీ లేదు. మావ అలాగే అలాగే అన్నాడు.

వాళ్ళు వచ్చి చాప మీద కూర్చున్నారు. పైఊరి పెద్ద మావ మోకాళ్ళ గురించి అడిగి, “మీరు పెద్దోరు, ఏటి సెప్తే అదే,” అన్నాడు. మావ కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళకి రెండు రోజులు, మాకు ఒక రోజు అన్నాడు, వాళ్ళు నోరు తెరిచి అడక్కముందే. వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఇంకో మాట లేకుండా ఒప్పేసుకుని, మజ్జిగ కూడా తాగకుండా లేచారు. ఆయన ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని.

వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా ఆగి అడిగాను. “ఏల సెప్పినావు మావా? సగం వచ్చీదే.”

“ఆల్లు మనింటికొచ్చినార్రా,” అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు అడగడమే నేర్చినవాడికి, అడిగించుకోవడం రాదు. ఆ మాట ఆయనతో అనేశాను కూడా. ఆయనకి కోపం రాలేదు. నేను తువ్వాలు భుజాన వేసుకుని, మా ఒక రోజు ఏ వారంతో మొదలవుతుందో ఖాయం చేసుకోడానికి, పైఊరివాళ్ళ వెనకాలే నడిచాను.