మొగులయ్య అరచెయ్యి

టక్.

మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో, బాల్కనీలోంచి ఆ చప్పుడు వినబడింది. ఆ వెంటనే గదిలో చల్లదనం పోయి, ఎవరో వంటింటి తలుపు తీసినట్టు వెచ్చబడింది. కొత్తగూడలో ఈ ఏడో అంతస్తు ఫ్లాట్‌కి వచ్చి రెండేళ్ళయింది. ఈ ఎండాకాలం దాకా ఏసీ బుద్ధిగానే పనిచేసింది. వారం నుంచి మాత్రం రోజూ ఇదే వరస. పొద్దున పదింటికి దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది, మధ్యాహ్నం రెండయ్యేసరికి టక్‌మని ఆగి వేడిగాలి ఊదుతుంది. ఇవాళ పొద్దున మూడోసారి వచ్చిన మెకానిక్ నరేశ్ అన్నీ తిప్పి చూసి, "ఇప్పుడైతే మంచిగనే నడుస్తుంది మేడమ్. గ్యాస్ తక్కువైనట్టుంది. మూడింటికి సిలిండర్ తీస్కొనొస్త" అని వెళ్ళాడు. ముప్ఫై ఐదేళ్ళ మనిషి, నవ్వుమొహం. ఆ నవ్వే నాకు నచ్చలేదు. పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నానికి చెడిపోవడమేమిటి? ఏదో చేసే వెళ్ళి ఉంటాడు! అతను గడప దాటగానే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఒక మెసేజ్ కొట్టి ఉంచాను: "నరేశ్ అనే మెకానిక్‌ని ఎవరూ పిలవకండి. కావాలనే చెడగొట్టి మళ్ళీ మళ్ళీ వస్తున్నాడని నా అనుమానం." ఈ అపార్ట్‌మెంట్ ఇళ్ళే అతనికి సగం బతుకు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే కొట్టాను.

నడుం వాల్చి, అది పంపుదామని వేలు పెట్టబోతుంటే ఆ టక్ వినబడింది. దాంతోపాటు యాభై ఏళ్ళ కిందటి గొంతొకటి చెవిలో పడింది. "గ్యాసు ఎటు పోయిందమ్మా? నువ్వు గాని తాగినవా?"

మొగులయ్య గొంతు అది. ఆయన్ని ఎరిగినవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇప్పుడెవరూ లేరు కాబట్టి చెబుతాను. డెబ్బైల మొదట్లో నేను గుంటూరు జిల్లా నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక అపాయింట్‌మెంట్ కాగితం పట్టుకుని చందానగర్ దాటాక ఉన్న ఒక కార్ఖానా కాలనీలో దిగాను. అక్కడి గెస్ట్‌హౌస్‌కి కేర్‌టేకర్ ఉద్యోగం. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు రాళ్ళగుట్టలు, జొన్నచేలు, బొంబాయి రోడ్డు మీద గంటకో బస్సు. గెస్ట్‌హౌస్ మేడ మీద పడమటి దిక్కుగా రెండు గదుల ఫ్లాట్ ఒకటి ఉండేది. బయటినుంచి వచ్చే పెద్ద ఇంజనీర్లని అందులో దింపేవాళ్ళం. మొత్తం గెస్ట్‌హౌస్‌కి ఒకే ఒక్క ఏసీ ఆ ఫ్లాట్ కిటికీలో బిగించి ఉండేది. దాని వీపు వెనక చిన్న డాబా మీదికి ఉండేది. ఆ ఏసీ అంటే నాకు భక్తి, భయం రెండూ ఉండేవి. రోజూ తుడిచేదాన్ని.

అది మొదటిసారి మొరాయించినప్పుడు మదీనాగూడ నుంచి సైకిల్ మీద మొగులయ్య వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, నల్లగా, సన్నగా, చెవి మీద పెన్సిలు. నేను పెద్ద తెలిసినదానిలా "గ్యాసు అయిపోయినట్టుందండీ" అన్నాను. దానికి ఆయనిచ్చిన జవాబే ఇందాక చెప్పింది. అంతటితో ఊరుకోలేదు. "ఇదేమన్న స్టవ్వుల పోసే కిరోసినా, అయిపోనీకె? గొట్టంల బంద్ జేసి పెట్టిన గ్యాసు. గొట్టం పగిల్తెనే పోతది. ఏడ పగిలిందో ముందు నాకు జూపియ్యి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో చిన్నపిల్లల్ని కూడా "మీరు" అనే నాన్నగారి కూతుర్ని నేను. చూసిన మొదటి రోజే "నువ్వు" అంటాడా! వాళ్ళ ఊళ్ళో తల్లినీ దేవుణ్ణీ కూడా అలాగే పిలుస్తారని తెలియడానికి నాకు చాన్నాళ్ళు పట్టింది. ఆ రోజుల్లో రెండు వైపుల వాళ్ళమూ ఎదుటి మనిషి నోరు తెరవగానే, యాస విని, మనవాడా కాదా అని తేల్చేసుకునేవాళ్ళం. నేనూ తేల్చేసుకున్నాను.

ఆయన పద్ధతే వేరు. స్క్రూడ్రైవర్ తీయడానికి ముందు ఏసీ ముందర అరచెయ్యి పెట్టేవాడు, కళ్ళు మూసుకుని కాసేపు అలా ఉండేవాడు. తర్వాత డాబా మీదికెళ్ళి వెనకా పెట్టేవాడు. సబ్బునురగ చేసి గొట్టం అతుకుల మీద పూసి, బుడగ లేస్తుందేమోనని చూసేవాడు. ఎవరు చెప్పిందీ నమ్మేవాడు కాదు. ఆఖరున అందర్నీ అడిగే మాట ఒకటుండేది. "మీరు రోజు ఏం జేస్తరో నా ముందల గదే జెయ్యున్రి. నేను సూస్త."

"నేనేం చేస్తానండీ? స్విచ్ వేస్తాను, తీస్తాను. అంతే" అన్నాను.

"అంతేనా?"

"అంతే! అబద్ధం చెబుతానా?"

"అబద్ధమని అంటలేనమ్మా. ఏం జేయకుంటే ఎట్ల ఖరాబైతది?" అని నా మొహంలోకి కాసేపు చూసి, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. నన్నే అనుమానిస్తున్నాడని ఆ రాత్రంతా కుతకుతలాడిపోయాను.

అలా ఆ ఏప్రిల్‌లో నాలుగైదుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా పొద్దున్నే వచ్చేవాడు, ఎండెక్కితే కార్ఖానాలో వేరే పని. వచ్చినప్పుడల్లా ఏసీ పెళ్ళికొడుకులా నడిచేది. ఆయన వెళ్ళిన రెండు మూడు గంటలకి టక్. నా బుర్ర ఊరుకుంటుందా! ఈయన ఇంకా టెంపరరీ, ఆరేళ్ళుగా. పర్మనెంట్ లిస్టు తయారవుతోందని అందరూ అనుకుంటున్నారు. తను లేకపోతే పని జరగదని చూపించుకోవడానికి పొద్దున వచ్చి ఏ మరో వదులు చేసి పోతున్నాడు, కాకపోతే ఏమిటి? ఒకరోజు డాబా మీద వంగి, ఏసీ వెనక జాలీలోంచి ఏదో ఏరి, కాగితంలో పొట్లం కట్టుకుని జేబులో వేసుకోవడం నా కళ్ళతో చూశాను. ఇంకేం కావాలి?

ఆ వారమే బొంబాయి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మధ్యాహ్నం చెమటలు కక్కుతూ మెట్లు దిగొచ్చి నానా మాటలూ అన్నాడు. ఎస్టేట్ ఆఫీసరు శేషగిరిరావుగారు నన్ను పిలిపించారు. ఆయనదీ మా జిల్లానే. "ఏమ్మా సుభద్రా, ఆ మెకానిక్ సంగతేమిటి? పర్మనెంట్ చేసేముందు ప్రతి సెక్షనూ అభిప్రాయం రాసివ్వాలి. సోమవారం ఫైలు పైకి పంపాలి. నీకేమనిపిస్తోందో రాసివ్వు" అన్నారు. నేను అక్కడే నిలబడి రాసిచ్చాను. "ఇతను యంత్రాన్ని కావాలనే పాడుచేస్తున్నాడని నాకు అనుమానం." కింద చక్కగా సంతకం. రాసేముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ ఉద్యోగం ఆయనకి ఎందుకు కావాలో నాకు తెలుసు. ఆయన భార్యకి ఉబ్బసం. టెంపరరీ వాళ్ళ కుటుంబాలకి కార్ఖానా దవాఖానలో కార్డు ఇవ్వరు. ఆయాసం వచ్చినప్పుడల్లా ఆమెని బస్సులో పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేవాడు. పర్మనెంటయితే రెండు ఫర్లాంగుల దూరంలో వైద్యం. ఈ మాట ఎవరో చెబితే విన్నాను, పక్కన పడేశాను.

శనివారం మధ్యాహ్నం రెండు. అతిథులెవరూ లేరు. సాయంత్రం వచ్చేవాళ్ళ కోసం గది చల్లబరుస్తున్నాను. డాబా తలుపు తీసి చూస్తే ఏసీ వెనక, బోర్లించిన బకెట్ మీద మొగులయ్య! ఎవరూ పిలవలేదు, ఫిర్యాదు రాయలేదు. తలకి తువ్వాలు చుట్టుకుని ఆ మండుటెండలో కదలకుండా కూర్చున్నాడు. దొరికావురా దొంగా అనుకున్నాను. చేతిలో నీళ్ళ బకెట్‌తోనే పరుగున వెళ్ళి, "ఇక్కడేం చేస్తున్నారు? ఇవాళ కళ్ళారా పట్టుకున్నాను! ఇప్పుడే ఆఫీసరుగారిని పిలుస్తాను" అని అరిచాను.

ఆయన లేవలేదు. "పిలుద్దువు తియ్. జర ఆగు. ఆ బకిట ఎందుకు తెచ్చినవ్?"

"ఎందుకేమిటి, తడిక తడపడానికి!"

"తడుపు మరి. రోజు ఎట్ల తడుపుతవో అట్లనే."

మా ఊళ్ళో ఎండాకాలం వచ్చిందంటే ప్రతి కిటికీకీ వట్టివేళ్ళ తడికలు కట్టేవాళ్ళం. పన్నెండింటికి దించడం, రెండింటికి తడపడం, సాయంత్రం చుట్టి పైన కట్టేయడం. అది చెయ్యడం అని కూడా అనుకోము, ఎండాకాలం అంటేనే అది. గెస్ట్‌హౌస్ కిటికీలన్నిటికీ నేనే తడికలు కట్టించాను. పడమటెండ నేరుగా పడి అంత ఖరీదైన యంత్రం మాడిపోతుందేమోనని, పాపం, దాని వీపుకి కూడా ఒక తడిక, గాలి కూడా చొరకుండా పురికొసలతో బిగించి కట్టించాను. దాన్నీ పన్నెండింటికి దించేదాన్ని. సాయంత్రం పైకి చుట్టేసేదాన్ని. పొద్దున్నే వచ్చే మొగులయ్యకి సన్‌షేడ్ కింద చుట్టి ఉన్న తడిక, మిగతా కిటికీల తడికల్లాగే కనబడి ఉంటుంది.

నేను చెంబుతో నీళ్ళు కొట్టాను. లోపల యంత్రం మూలిగింది. టక్‌మంది. నేను ఆయన వంక చూశాను. ఆయన నా మణికట్టు పట్టుకుని నా అరచేతిని తడిక వెనకాల దూర్చాడు. చురుక్కుమంది! పొయ్యి దగ్గర పెట్టినట్టు. చెయ్యి లాక్కున్నాను.

"లోపటి వేడి అంత ఈడికెల్లి బయటికి పోవాలె. నువ్వు మూతి గట్టినవ్. మా ఇంటామెకు దమ్మొస్తే ఎట్లుంటదో దీనికి గట్లనే ఉంటది" అన్నాడు. లేచి పురికొసలు విప్పి తడికని ఊడదీసి పక్కన పెట్టాడు. జేబులోంచి ఆ పొట్లం తీసి నా ముందు విప్పాడు. అందులో వట్టివేళ్ళ ముక్కలు. "పొద్దుగాల వచ్చినప్పుడల్ల జాలీల ఇవి దొరికినయ్. మేడమీద వేర్లేడికెల్లి వస్తయ్? మధ్యాహ్నం ఏమో అయితున్నదని అర్థమైంది. నిజం జెప్పాలంటే నువ్వు నన్ను బద్నాం జేయనీకె చేస్తున్నవనే అనుకున్న. ఎవ్వరితోని అనలె. సెలవు వెట్టి వచ్చి కూసున్న. సూడకముందు అంటే ఎట్ల?"

కాళ్ళ కింద డాబా కాలుతోంది, చెప్పులు కూడా లేవు, కదలలేకపోయాను. పావుగంటకి లోపల యంత్రం మళ్ళీ అందుకుంది. గది చల్లబడింది. ఆయనెళ్ళి లోపల అరచెయ్యి పెట్టి, "మంచిగున్నది" అన్నాడు.

"మొగులయ్యగారూ, నేను మీ మీద కాగితం రాసిచ్చాను" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఎరికే. నిన్ననే సారు జెప్పిండు."

"మరి ఇప్పుడే వెళ్ళి ఆయనకి ఇది చూపించండి! తప్పు నాదని చెప్పండి!"

ఆయన సంచి సర్దుకుంటూ తల అడ్డంగా ఊపాడు. "నేనెందుకు జెప్త? రాసింది నువ్వు. వాపస్ దీస్కునేది గూడ నువ్వే." ఆ మాట కోపంగా అనలేదు. స్విచ్ ఎక్కడుందో చెప్పినట్టు చెప్పి సైకిలెక్కాడు.

చెప్పినంత తేలిగ్గా వెళ్ళలేదు నేను. నా ఉద్యోగమూ ప్రొబేషన్‌లోనే ఉంది. ఆదివారమంతా చెప్పాలా వద్దా అని లెక్కలేసుకున్నాను. సోమవారం ఆఫీసు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాను. శేషగిరిరావుగారు విని, "పోనీ మెషిన్ బాగుపడిందిగా, నీ కాగితం చింపేస్తాను, వదిలెయ్యమ్మా" అన్నారు. చింపితే చాలదనిపించింది. ఇన్ని రోజుల ఫిర్యాదులూ ఆయన పేరు మీదే ఉన్నాయిగా. "యంత్రం పాడవడానికి కారణం నేను కట్టించిన తడిక. మెకానిక్ తప్పేమీ లేదు" అని కొత్త కాగితం రాసిచ్చాను. ఈసారీ కింద సంతకం చేశాను. నా ప్రొబేషన్ ఇంకో ఆరు నెలలు పెంచారు. ఊళ్ళో నాన్నగారికి ఏదో కుంటిసాకు రాశాను.

ఆ వానాకాలంలో ఒకరోజు మొగులయ్య వచ్చి నా బల్ల మీద ఒక నీలం కార్డు పెట్టాడు. దవాఖాన కార్డు. కార్డులో ఆయన పేరు, కింద భార్య పేరు. "ముందుగాల నీకే జూపిస్తున్న" అన్నాడు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఇద్దరం ఒకే సెక్షన్‌లో పనిచేశాం. ఏసీ విప్పడం, ఫిల్టర్ కడగడం, కంప్రెసర్ మూలుగు విని గుర్తుపట్టడం అన్నీ నేర్పాడు. ఎవరి మీదైనా నేను నోరు పారేసుకోబోతే కనుబొమ్మ ఎగరేసి, "చెయ్యి వెట్టి సూసినవా?" అనేవాడు. అనుమానం వద్దని ఏనాడూ అనలేదు, ఆయనదీ నాలాంటి బుద్ధే. కానీ ఆయన అనుమానపడితే సెలవు పెట్టుకుని వెళ్ళి ఎండలో కూర్చునేవాడు. నేను అనుమానపడితే కాగితం రాసేదాన్ని. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

ఫోన్ పక్కన పెట్టి లేచాను. మోకాళ్ళు పట్టుకుని బాల్కనీలోకి నడిచాను. ఏసీ బయటి డబ్బా మూలన ఉంది. దాని ముందు, గ్రిల్‌కి అడ్డంగా, పైనుంచి కిందిదాకా బిగించి కట్టిన నా పాత నేతచీర. తులసి మొక్క మాడిపోతోందని పోయిన వారం నుంచి రోజూ మధ్యాహ్నం నేనే కడుతున్నాను, సాయంత్రం నేనే విప్పి మడతపెడుతున్నాను. ఏం చేస్తున్నారని నరేశ్ అడిగితే, ఏమీ చెయ్యడం లేదనే చెప్పాను.

చీరకీ డబ్బాకీ మధ్య అరచెయ్యి పెట్టాను. చురుక్కుమంది.

ముడులు విప్పేసి లోపలికొచ్చి, ఆ మెసేజ్ అక్షరం మిగలకుండా చెరిపేశాను. మూడింటికి నరేశ్ సిలిండర్ భుజాన పెట్టుకుని, చెమటలు కారుతూ వచ్చాడు. గది అప్పటికే చల్లబడుతోంది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. అతను తాగడం అయ్యేదాకా ఆగి, "గ్యాసు అక్కర్లేదు నాయనా. తప్పు నాదే, రా చూపిస్తాను" అని బాల్కనీలోకి తీసుకెళ్ళాను.