ఆకులో మడిచిన ఫీలర్ గేజ్

మా ట్రక్కులు రావులపాలెం జంక్షన్ చేరేసరికి ఉదయం ఐదూ నలభై. సన్నగా వాన. అరటిగెలల లారీలు రోడ్డు పక్కన బారుగా ఆగి ఉన్నాయి. కింద దారులు మునిగిపోయి సరుకు కదలడం లేదు. సికింద్రాబాద్ నుంచి కూర్చున్నవాళ్ళం కూర్చున్నట్టే వచ్చాం. పద్దెనిమిది మందిమి. రెండు పడవలు, రెండు ఇంజన్లు, ముప్ఫై లైఫ్ జాకెట్లు, తాళ్ళు, రేడియో సెట్లు, నా పనిముట్ల పెట్టె. ఆర్డరు ఒక్కటే: గోదావరి వరద తగ్గేదాకా ఏటి నడుమ లంకల్లో ఉన్న జనాన్ని గట్టుకి చేర్చాలి.

సైన్యంలో నేను మెకానిక్‌ని, హవల్దార్‌ని. ఇరవై ఏళ్ళ నౌకరీలో మంచు చూశాను, ఇసుక చూశాను. సొంత గడ్డకి డ్యూటీ మీద రావడం మాత్రం ఆ ఒక్కసారే. నాది రాజోలు దగ్గర. రిటైరై వచ్చాక మా ఊళ్ళో ఎవరు సైన్యం కబుర్లు అడిగినా ఈ కథే చెబుతాను. ఇందులో తుపాకీ లేదని వాళ్ళ మొహాలు చిన్నబోతాయి. నన్నేం చెయ్యమంటారు? నేను గట్టిగా భయపడింది ఈ కథలోని మధ్యాహ్నమే మరి.

కొత్తపేటలో రెండు జట్లుగా విడిపోయాం. ఒక పడవ రాజోలు వైపు వెళ్ళింది. రెండోది మాది. ఏటిగట్టు మీద ఎత్తుగా ఉన్న ఒక డాబా ఇంటి ముందు మకాం వేశాం. ఆ ఇల్లు సత్యవతి గారిది. నలభై దాటిన మనిషి. భర్త మస్కట్‌లో పనిచేస్తున్నాడు. మునిగిన ఇళ్ళ వాళ్ళు అరవై మంది ఆవిడ పంచన ఉన్నారు. వాళ్ళందరికీ వండుతూనే మమ్మల్ని కూడా పంక్తిలో కలిపేసింది. మా రేషన్ డబ్బాలు చూసి, అవి తిండి కిందకి రావని ఒక్క మాటలో తేల్చేసింది.

మా జట్టుకి పెద్ద సుబేదార్ సాబ్. రాజస్థాన్ మనిషి. గోదావరిని చూసి మొదటిరోజు ఇది నదేనా అని నన్ను రెండుసార్లు అడిగారు. బోటు ఆపరేటర్ పంజాబీ. రేడియో ఆపరేటర్ బీహారీ. మా మాటలన్నీ హిందీలోనే నడిచాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మూడో రోజు పదకొండింటికి లంక నుంచి ఎనిమిది మందిని, రెండు మేకల్ని ఎక్కించుకుని వస్తుంటే ఇంజన్ టకటకలాడింది. ఆపరేటర్ ఎంత తిప్పినా ఊపు రాలేదు. ప్రవాహం మమ్మల్ని మూడు వందల గజాలు దిగువకి లాక్కుపోయింది. ఎలాగో గట్టుని పట్టుకున్నాం. నలుగురం ఇంజన్‌ని మోసుకొచ్చి సత్యవతి గారి వసారాలో బల్లకి బిగించాం. మూత విప్పాను. టాపెట్ నట్లు వదులయ్యాయి.

దీని సంగతి కొంచెం చెప్పాలి. ఇంజన్‌లో వాల్వుకీ, దాన్ని నొక్కే ఇనప చేతికీ మధ్య సందు ఉంటుంది. ఆ సందు మారకుండా పట్టి ఉంచేవే టాపెట్ నట్లు. గాలి వచ్చే వైపు మిల్లీమీటరులో ఐదో వంతు. పొగ పోయే వైపు ఇంకో పిసరు ఎక్కువ. సందు పెరిగితే ఇంజన్ టకటకలాడుతుంది, శక్తి పోతుంది. తగ్గితే వాల్వు సరిగా మూసుకోక మాడిపోతుంది. కంటికి ఆనే కొలత కాదు. అందుకే ఫీలర్ గేజ్. చాకులా మడతపడే చిన్న పిడి, అందులో పదమూడు సన్నటి ఉక్కు రేకులు, ప్రతి రేకు మీదా దాని మందం చెక్కి ఉంటుంది. సరైన రేకుని సందులో దూర్చి లాగితే వేళ్ళకి లీలగా పట్టు తెలియాలి. అంతే విద్య. అయితే ఇంజన్ చల్లారాకే కొలవాలి. అందుకు గంట పడుతుంది.

గట్టంతా బురద. మా తార్పాలిన్ కూడా బురదే. కోనసీమ వాడికి శుభ్రమైన చోటు కావాలంటే చెయ్యి ఎటు పోతుంది? పెరట్లోకి వెళ్ళి అరిటాకు కోసుకొచ్చి ఇంజన్ పక్కన నేల మీద పరిచాను. పనిముట్లు దాని మీద పెట్టుకున్నాను. పచ్చటి ఆకు మీద చిన్న నట్టు కూడా ఇట్టే కనిపిస్తుంది. సుబేదార్ సాబ్ చూసి మెచ్చుకున్నారు కూడా.

ఇంజన్ చల్లారేలోపు భోజనాలు కానిమ్మన్నారు. వసారాలోనే నా ఆకు దగ్గర్నుంచి వరసగా విస్తళ్ళు వేశారు. వేడన్నం, పప్పుచారు, వంకాయ కూర. మూడు రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. స్పానర్లు జేబులో వేసుకున్నాను. నా పక్కన తిన్న బోటు ఆపరేటర్ ఆకు తెరిచి వదిలేసి లేచాడు. వాళ్ళ వైపు ఆకుల్లో తినరు, మడవాలని తెలియదు. తెరిచిన ఆకు కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. ఆకు మడవకుండా లేస్తే మా అమ్మ మొట్టికాయ వేసేది. నాది మడిచాను, వాడిది మడిచాను, రేడియో ఆపరేటర్‌తో కబుర్లాడుతూనే చేతులు దులుపుకుని లేచాను. ఆకులు తీయబోతే సత్యవతి గారు పడనివ్వలేదు. ఇంటికొచ్చినవాళ్ళ చేత విస్తరి ఎత్తించడం ఆవిడ వల్ల కాదట. అన్నీ పోగుచేసి గేదెలకి వేయడానికి తీసుకెళ్ళిపోయింది.

పన్నెండూ ఇరవైకి ఆవిడ ఫోన్ మోగింది. లంకలో ఉండిపోయిన వాళ్ళ బావగారి సంగతి. బావగారంటే భర్త అన్నగారు. ఆయనకి కిడ్నీలు పనిచేయవు. వారానికి రెండుసార్లు అమలాపురం వెళ్ళి మెషిన్ మీద రక్తం శుభ్రం చేయించుకుంటాడు. నీళ్ళు వస్తున్నా గొడ్లని విడిచి రానన్నాడు, సోమవారం వెళ్ళాల్సింది మానేశాడు. ఆ రోజు గురువారం. కాళ్ళు ఉబ్బిపోయి ఊపిరి ఆడడం లేదని పక్కింటివాళ్ళు చెబుతున్నారు.

సుబేదార్ సాబ్ రేడియో అందుకున్నారు. జవాబు ఐదు నిమిషాల్లో వచ్చింది.

"రెండున్నరకి గట్టు మీద ఆంబులెన్స్. నాలుగుకి ఆసుపత్రిలో మెషిన్. దాటితే రేపే. ఓవర్."

సత్యవతి గారు నా వైపు తిరిగింది. తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

"రేపటిదాకా ఆయన ఆగలేరండి, తమ్ముడుగారూ. మీ పడవ ఎల్తాదాండీ?"

"ఆయ్, అరగంటలో ఎల్తామండి అక్కగారూ" అన్నాను. ఇరవై ఏళ్ళు హిందీ మాట్లాడిన నాలుక మీదకి ఆ ఆయ్ ఎక్కడినుంచి వచ్చిందో.

ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లారింది. గేజ్ కోసం చెయ్యి చాపాను. లేదు.

జేబులు చూశాను. పెట్టె బోర్లించాను. పడవలో వెతికాను, ఇంజన్ మోసుకొచ్చిన దారంతా బురదలో చేతులు పెట్టి తడిమాను. ఒంటిగంటకి పది తక్కువ. నా పనిముట్టు నేనే పోగొట్టానని సుబేదార్ సాబ్‌కి చెప్పాల్సి వచ్చింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. రాజోలు జట్టుని అడగమని రేడియో ఆపరేటర్‌కి చెప్పారు.

"ఫీలర్ గేజ్ ఉందా? ఓవర్."

"ఉంది. పడవలో ఉంది. పడవ ఏట్లో ఉంది. సాయంత్రం ఐదుకి వస్తుంది. ఓవర్."

ఊళ్ళో పంపుసెట్ల మెకానిక్ ఉన్నాడని ఎవరో చెబితే పరుగెత్తాను. రాంబాబు గారు. యాభై ఏళ్ళ మనిషి. ఆయన షాపు చూరుదాకా నీళ్ళలో ఉంది, గేజ్ అందులో ఉంది. కానీ ఆయన కంగారుపడలేదు. సంచిలోంచి ఒక పెళ్ళి శుభలేఖ తీశాడు.

"మేం దీంతోనే పెట్టేత్తామండి. ఒక మడత గాలికి, రెండు మడతలు పొగకి. ఇప్పటిదాకా ఒక్క పంపు ఆగలేదండి."

"పంపు ఆగితే గట్టు మీదే ఆగుతుంది కదండీ. ఇది ఆగితే ఏట్లో ఆగుద్ది."

"ఆయ్. అదీ నిజమేనండి" అని ఆయన శుభలేఖని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. వానకి చెమ్మగిల్లి లావెక్కింది. పెళ్ళికూతురి పేరు కూడా చెరిగిపోయింది. అయినా నాతోపాటు వసారాకి వచ్చి కూర్చున్నాడు.

ఒంటిగంటా ఐదు. సుబేదార్ సాబ్ గడియారం చూసుకున్నారు.

"ఒకటింపావు దాకా వెతుకు. దొరక్కపోతే కార్డుతోనే పెట్టు. నేనూ పడవలో వస్తాను."

ఆయనకి ఈత రాదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. అప్పుడు వేసింది నాకు అసలు భయం. నా అజాగ్రత్త ఇన్‌స్పెక్షన్‌లో తేలే తప్పు కాదు, మనుషుల ప్రాణాల మీదకి వచ్చే తప్పు అని అర్థమైంది. వసారా మధ్యలో నిలబడి ఏడుపు ఆపుకున్నాను, దాచుకోవడానికి ఏముంది.

బోటు ఆపరేటర్ అప్పటిదాకా గోడకి ఆనుకుని ఏదో ఆలోచిస్తున్నాడు. మెల్లగా అడిగాడు.

"ఉస్తాద్, నువ్వు నా ఆకు మడిచావు. నీది మడిచావు. నీకు అటుపక్క ఇంకోటి కూడా మడిచావు. అక్కడ కూర్చుని తిన్నదెవరు?"

ఎవరూ తినలేదు. అక్కడ ఎవరూ కూర్చోలేదు. అది నా పనిముట్ల ఆకు.

ఇంటి వెనక్కి పరుగెత్తాను. గట్టు వాలులో ఐదు గేదెలు. వాటి ముందు విస్తళ్ళ పోగు. ఎనభై పైనే ఉంటాయి. గేదెలు అప్పటికే ఓ వారన పని మొదలుపెట్టాయి. పలుపులు లాగి వాటిని దూరంగా కట్టేశాను. సంగతి వినగానే సత్యవతి గారి మొహం పాలిపోయింది.

"నేనే పారేసేనండి. చూసుకోకుండా నా చేత్తోనే ఏసేసేను."

"మడిచింది నేనండి" అన్నాను.

మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు విప్పడం మొదలుపెట్టాను. ఎంగిలాకులు మీరు ముట్టకూడదని ఆవిడ చేతులు అడ్డం పెట్టింది. ఈలోపు నా పక్కన బురదలో ఇంకో జత బూట్లు. సుబేదార్ సాబ్. మోకాలు దించి, పైన ఉన్న విస్తరి అందుకుని, రెండు చేతులతో విప్పి, చూసి, మళ్ళీ మడిచి పక్కన పెట్టారు. ఆయన వెనక బోటు ఆపరేటర్, రాంబాబు గారు. రేడియో ఆపరేటర్ సెట్టు వీపు మీద ఉండగానే వంగాడు. వాన పెరిగింది. పప్పుచారు, మెతుకులు, వంకాయ తొడిమలు.

ఇరవై ఆకులు అయ్యాయి. నలభై అయ్యాయి. సత్యవతి గారు మాత్రం విప్పడం మానేసింది. ఒక్కో ఆకునీ అరచేతిలో పెట్టుకుని, కాస్త ఎగరేసినట్టు తూచి, పక్కన పడేస్తోంది. మాకంటే నాలుగింతలు వేగం. ఇరవై ఏళ్ళుగా విస్తళ్ళు ఎత్తిన చెయ్యి. ఒక ఆకు దగ్గర ఆ చెయ్యి ఆగింది. మళ్ళీ తూచింది. కళ్ళు మూసుకుంది.

"అన్నం ఉన్న ఆకు మెత్తగా బరువుంటాదండి. ఇది ఒక్క చోటే బరువుగా ఉందండి."

విప్పలేదు. రెండు చేతులతో నాకు అందించింది.

"మీరు మడిచిందే కదండీ తమ్ముడుగారూ. మీరే విప్పండి."

విప్పాను. శుభ్రమైన ఆకు. ఒక్క మెతుకు లేదు. మధ్యలో ఈనెకి ఆనుకుని నా గేజ్.

ఒకటీ పద్దెనిమిది. సుబేదార్ సాబ్ చెప్పిన గడువు మూడు నిమిషాల క్రితమే దాటింది. ఆ మాట ఆయన గానీ నేను గానీ ఎత్తలేదు. రేకులు తుడిచి పని మొదలుపెట్టాను. రాంబాబు గారు చక్రం తిప్పి పట్టుకున్నాడు. నాలుగు సందుల్లో రేకు దూర్చి లాగాను. నాలుగింటిలోనూ వేళ్ళకి పట్టు తెలిసింది. నట్లు బిగించి మళ్ళీ చూశాను. మూత వేసేసరికి ఒకటీ నలభై. ఇంజన్‌ని పడవకి ఎక్కించి లాగితే రెండో లాగుకి అందుకుంది. టకటక లేదు. ఆ చప్పుడు వింటూ రాంబాబు గారు తల పంకించి శుభలేఖని జేబులో పెట్టేసుకున్నాడు.

సుబేదార్ సాబ్ పడవ ఎక్కారు, ఎందుకో ఎవరూ అడగలేదు. నేను ఇంజన్ పక్కన కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు పద్నాలుగు నిమిషాలు. అవతల బావగారిని మంచంతో సహా దించారు. పెద్దమనిషి, ఊపిరికీ ఊపిరికీ మధ్య గొడ్లకి నీళ్ళెవరు పెడతారని అడుగుతున్నాడు. పక్కింటివాళ్ళు పెడతామన్నాకే పడుకున్నాడు. రెండూ ముప్ఫై ఐదుకి ఇవతలి గట్టు. ఆంబులెన్స్ తలుపులు తెరిచే ఉన్నాయి. సత్యవతి గారు ఆయనతో పాటు ఎక్కింది.

నాలుగూ పదికి రేడియో పలికింది.

"మీ మనిషి మెషిన్ మీద ఉన్నాడు. ఊపిరి సర్దుకుంటోంది. గేదెల గురించి అడుగుతున్నాడు. ఓవర్."

"గేదెలు బాగానే ఉన్నాయని చెప్పండి. అవుట్" అన్నాడు మా రేడియో ఆపరేటర్. సుబేదార్ సాబ్ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వసారా గోడకి చేరబడి కూర్చుని గేజ్ రేకులు ఒక్కొక్కటే మళ్ళీ తుడిచాను. ఒళ్ళంతా తేలికైపోయింది.

తొమ్మిదో రోజుకి నీళ్ళు తగ్గాయి. వెనక్కి రమ్మని ఆర్డరు వచ్చింది. బయల్దేరే ముందు సత్యవతి గారు మళ్ళీ విస్తళ్ళు వేసింది. బావగారు కర్ర పట్టుకుని వచ్చి పంక్తి చివర కూర్చున్నాడు. తిన్నాక సుబేదార్ సాబ్ నా వైపు ఒకసారి చూసి, ఆకుని పైనుంచి తన వైపుకి పొందిగ్గా మడిచారు. బోటు ఆపరేటర్ మడిచే ముందు ఆకంతా వెతికి, ఏమీ లేదని అందరికీ చూపించి మరీ మడిచాడు. వసారా అంతా నవ్వింది.

ఇప్పుడు నేను రాజోలులో ఉంటున్నాను. చేపల చెరువుల మీది ఇంజన్లు బాగుచేస్తుంటాను. గేజ్ ఎప్పుడూ చొక్కా జేబులోనే. ఏ పెళ్ళిలో తిన్నా ఆకు మడిచే ముందు అరచేత్తో ఒకసారి తడుముతాను. పక్కన మా ఆవిడ తల దించుకుని నవ్వుకుంటుంది.

మిగతా పోస్టింగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇది మాత్రం చెరగలేదు. వాన కురుస్తూనే ఉంది, మేమంతా బురదలో మోకాళ్ళ మీద ఉన్నాం, ఒకావిడ మడిచిన ఆకుని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుని తూస్తోంది.